నాజునా మెడ మీది నీలం

సెప్టెంబర్ 28, ఆదివారం

తొకికొ అక్క నాజునాను తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళింది. చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి, సంచి నోరు తెరిచి, నాజునా జుట్టు చెదరకుండా కప్పిన వల సర్ది, "రెండు వారాలే" అంది.

"ఏం చూస్తారట?"

"కడుపులో ఏదో ఉందట. చూస్తారు, పంపేస్తారు. డాక్టర్లకి మాత్రం పొద్దుపోవద్దూ?"

"ఇంట్లో మీ ఆయన ఉన్నాడుగా, ఆయన చూసుకోడా దీన్ని?"

"ఎందుకు చూసుకోడు? బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ఆ తాళంచెవి ఎక్కడ పెట్టాడో మళ్ళీ నేనొచ్చి వెతకాలి."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ ఆమె తలుపు పట్టుకుంది. పట్టుకోకపోతే పడిపోయేది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఇప్పుడు కిటికీ దగ్గర చియో, నాజునా పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరూ రెండడుగుల పొడుగు బొమ్మలు. చియో నాది, పొట్టి జుట్టు, కాస్త మొండి మొహం. నాజునా అక్కది. దాని కళ్ళు అక్క ఎన్నిసార్లు మార్చిందో. ఇప్పుడున్నవి బూడిదరంగు గాజుకళ్ళు, గదిలో మనం ఎటు వెళితే అటే చూస్తున్నట్టుంటాయి. ఈ రెండు వారాలూ నన్ను చూస్తూ కూర్చుంటుంది. సరే, చూడనీ.

మోకాలు నొప్పిగా ఉంది. పడుకుంటాను.

అక్టోబర్ 5, ఆదివారం

అక్క లేకుండా మొదటిసారి కాలవ గట్టుకు వెళ్ళాను, ఇద్దరినీ మోసుకుని. "నాజునాకి గాలి తగలనియ్యి, ప్రతి ఆదివారం ఫోటో పంపు" అని ఆసుపత్రి మంచం మీంచి ఆజ్ఞ.

స్నేహితురాళ్ళం ఇద్దరం ఉంటే సిగ్గు చెరిసగం. ఒక్కదాన్నే అయితే మొత్తం నాదే. యాభై నాలుగేళ్ళ మనిషి రాతిమెట్ల మీద మోకాళ్ళేసి, బొమ్మ గౌను సర్ది, దాని గడ్డం ఇంత పైకెత్తి, మళ్ళీ వెనక్కి పాకి కెమెరాలో చూస్తుంటే దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా? ఇద్దరు బడిపిల్లలు ఆగారు. "అమ్మో, దాని కళ్ళు చూడవే, కల్లోకొస్తుంది" అని ఒకతె, "పాపం, ఆవిడకి పిల్లల్లేరేమోనే" అని ఇంకొకతె. వాళ్ళ మొహాలు ఫోటోలో పడకూడదని వంతెన దాటేదాకా ఆగాను. బొమ్మలతో తిరిగే వాళ్ళం ఆ మర్యాద తప్పం. ఆ మర్యాద మాకెవరూ చూపించరు.

కాలవలో పడవ నడిపే ముసలాయన మాత్రం ఎప్పటిలాగే పలకరించాడు.

"ఏమ్మా, రెండో ఆవిడేదీ?"

"ఊరెళ్ళింది."

"పిల్లని నీమీద వదిలేసా? బావుంది. చలొచ్చేస్తోంది, ఆ పిల్లకి సాక్సులైనా తొడగవేం?"

ఈ ఊళ్ళో నాజునాకు సాక్సులు లేవని పట్టించుకున్న మగవాడు ఆయనొక్కడే. నాగసె గారు, అంటే అక్క భర్త, "దాన్ని ఎంతకు కొన్నావు?" అని ఇప్పటికీ అడుగుతారు. అక్క ప్రతిసారీ దిద్దుతుంది: "కొనలేదు. ఇంటికి తెచ్చుకున్నాను." మా ఆయన, ఆయన మా ఆయనగా ఉన్న రోజుల్లో, ఇంకో మాట అనేవాడు. "ఈ వయసులో బొమ్మలేమిటి, మనుషులతో మాట్లాడు." మాట్లాడదామనే చూశాను. ఆయన పేపరు దించలేదు.

అక్టోబర్ 8

రెండు వారాలన్నది మూడయ్యేటట్టుందట. ఒక్క వారమే కదా.

అక్టోబర్ 12, ఆదివారం

"నాజునాను తీసుకురా, కొలత చూడాలి" అని అక్క కబురు. సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

మంచం మీద బొమ్మను కూర్చోబెట్టేసరికి నర్సు చూసింది. "మనవరాలికాండీ?"

"నాకే" అంది అక్క.

"ఆహా. బావుందండీ" అని నర్సు సెలైన్ సీసా వైపు తిరిగిపోయింది. మేమిద్దరం దుప్పటి చాటున నవ్వుకున్నాం.

తన పక్కింట్లో బట్టలకు రంగులద్దే ఆయన ఇచ్చిన గుడ్డతో అక్క గౌను కుట్టింది. పచ్చి నీలిమందు రంగు, ఇంకా ఉతకని గుడ్డ, ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. గౌను మాత్రం ఎంత బావుందో. చిన్న పట్టీ కాలరు, మణికట్టు దాకా చేతులు. మంచం మీద పడుకుని, ఆ ఉబ్బిన వేళ్ళతో ఎలా కుట్టిందో తెలియదు. సూదిలో దారం మాత్రం నాచేత ఎక్కించింది.

"టిచ్ బటన్లు తెమ్మంటే మా ఆయన చొక్కా గుండీలు తెచ్చాడు. ఏం చేస్తాం, ఇవాళ్టికి ఒంటి మీదే టాకాలు వేసేస్తా. ఫోటో తీసుకుని, వెంటనే ఆ దారం తెంపి విప్పెయ్. తెలిసిందా? అలాగే ఉంచావో, పిల్ల ఒళ్ళంతా నీలం."

"లాండ్రీలో పనిచేసేదానికి మరకల గురించి చెబుతున్నావా?"

"అందుకే చెబుతున్నా. ఊరివాళ్ళ మరకలు చూసేదానికి ఇంట్లోవి కనపడవు. చియో మెడకి ఎర్ర స్కార్ఫు రంగంటలేదూ?"

అంటింది. అప్పుడు అక్కే చెప్పింది, మొటిమల మందు పూసి ఎండలో కూర్చోబెడితే వినైల్ చర్మం మీది మరక మెల్లగా పోతుందని. ఇద్దరం మందుల షాపుకు వెళితే కౌంటరు పిల్ల అడిగింది, "అమ్మాయి గారికాండీ?" అని. అక్క తడుముకోలేదు. "నాకేనమ్మా, ఈమధ్య యవ్వనం తన్నుకొస్తోంది." ఆ పిల్ల మొహం తలుచుకుని ఇవాళ మళ్ళీ నవ్వాం. నవ్వితే అక్కకు కడుపులో నొప్పి. అందుకని మధ్యలో ఆపేశాం.

నాజునాను ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని వీపు మీద తెల్లదారంతో టాకాలు వేసింది. ప్రతి టాకా చివర చిన్న అడ్డకుట్టు. ఆమె కుట్టే తీరే అంత, నాగసె గారి ప్యాంటు అంచులకు కూడా అదే. ఆఖరి టాకా వేసింది. దారాన్ని పళ్ళతో కొరికింది.

తిరిగొస్తూ రెల్లు దుబ్బుల దగ్గర ఆగి ఫోటోలు తీశాను. సాయంత్రపు ఎండ, నీటి మీద ఒకే ఒక్క మబ్బు. ఇంతకంటే మంచి ఫోటోలు నా జన్మలో తీయలేదు.

ఇంటికి రాగానే కత్తెర తీశాను. నాజునా వీపు మీద ఆ అడ్డకుట్లు చూశాను. కత్తెర పక్కన పెట్టి టీ కాచుకున్నాను. రేపు తెంపుతాను.

అక్టోబర్ 13

రేపు.

అక్టోబర్ 16

లాండ్రీలో ఊపిరి సలపడం లేదు. చలి మొదలయ్యేసరికి ఊరంతటికీ కోట్లు గుర్తొచ్చాయి. ఇంటికొచ్చేసరికి వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి, ఇలాంటి చేతులతో కత్తెర పడితే గుడ్డ తెగినా తెగుతుంది. సెలవు రోజున చేస్తాను.

అక్టోబర్ 19, ఆదివారం

వాన. బయటకు వెళ్ళలేదు. పన్నెండో తారీకున తీసిన వాటిలోంచి ఒకటి పంపాను. "పిల్ల ఎంత బావుందే" అని జవాబు.

అక్టోబర్ 25

ఒకావిడ కూతురి తెల్ల యూనిఫారం తెచ్చింది. జేబు కింద సిరా మరక, ఎండిపోయి ఎన్నాళ్ళయిందో. "మరక పడ్డ రోజే తేవాలండీ, ఇన్నాళ్ళు ఉంచితే అది గుడ్డలో భాగమైపోతుంది" అని కడిగేశాను. పాపం ఆవిడ వంగి వంగి క్షమాపణలు చెప్పుకుంది. నోరు మాత్రం పెద్దది నాకు.

నవంబర్ 2, ఆదివారం

అక్కకు గది మార్చారు. పై అంతస్తు. కిటికీలోంచి చూస్తే దూరంగా సరస్సు కనిపిస్తుంది. ఆ అంతస్తులో హడావిడి లేదు, చూడ్డానికి ఎవరు ఎప్పుడొచ్చినా ఏమీ అనరు. రక్తం తీయడం మానేశారు. మందులు కూడా తగ్గించారు. తగ్గుతోంది కాబట్టే కదా తగ్గించేది.

వరండాలో నాగసె గారు కనిపించారు. చేతిలో టీ చల్లారిపోయి ఉంది.

"మిసావొ గారూ, మీరు రోజూ రావక్కర్లేదండీ. మీకూ పనుంటుంది" అన్నారు.

"రోజూ రావడం లేదుగా, ఆదివారాలే."

"అవునవును. ఆదివారాలే." తరవాత ఏదో చెప్పబోయి, "ఆ బొమ్మ బాగానే ఉందా?" అని అడిగారు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన నాజునా క్షేమం అడగడం ఇదే మొదలు అయ్యుంటుంది. నాకు భయం వేసింది. ఎందుకు వేసిందో రాయను.

రెల్లు ఫోటోల్లోంచి ఇంకొకటి పంపాను. ఇంకా చాలా ఉన్నాయి.

నవంబర్ 9, ఆదివారం

అక్క మేలుకునే ఉంది. మొహం చిన్నదైపోయింది. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

"ఇటు రా, ఆయన కాఫీకెళ్ళాడు, తొందరగా చెబుతాను" అంది. "నాజునాని నీ దగ్గరే ఉంచుకో."

"ఉంచుకున్నానుగా. నువ్వొచ్చేదాకా..."

"ఒసే మిసావొ, మాటల గారడీలు చెయ్యకు. నాకు ఓపిక లేదు. నా తరవాత సంగతి చెబుతున్నా. గుడిలో బొమ్మల దహనానికి ఇవ్వద్దు. నాతో పాటు శవపెట్టెలో పెట్టి కాల్చనివ్వద్దు. దానికి నిప్పంటే భయం."

"నీకెలా తెలుసు?"

"నాకు భయం కాబట్టి."

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "మీ ఆయనతో ఈ మాట చెప్పావా?" అని అడిగాను.

"చెబుతాలే. బొమ్మ ఊసెత్తితే లేచిపోతాడు ఆయన. కూర్చున్నప్పుడు చూసి చెబుతా." తరవాత, "గౌను విప్పావా?" అంది.

"ఆ రోజే విప్పేశాను."

"మరక పడిందా?"

"ఎక్కడా లేదు."

"మంచిదాన్నివి" అని కళ్ళు మూసుకుంది.

ఇంటికొస్తుంటే బస్సులో ఏడుపొచ్చింది. పక్క సీటులో ముసలావిడ చేతిరుమాలు ఇచ్చింది. అబద్ధం చెప్పినందుకు ఏడ్చాననుకుంటాను.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ నాజునా గౌను చేతి అంచు కాస్త పైకి జరిపి చూశాను. మణికట్టు చుట్టూ గాజు తొడిగినట్టు నీలం గీత. వెలుతురు సరిగా లేక అలా కనిపించి ఉంటుంది. కాలరు ఎత్తి చూడలేదు.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. నాకు తెలుసు. కత్తెర సొరుగులోనే ఉంది, మొద్దుది కూడా కాదు. ఆ దారం మీద అక్క పళ్ళ గుర్తు ఉంది. అంతే, ఇంకేం లేదు.

నవంబర్ 23, ఆదివారం

వెళ్ళాను. నిద్రపోతోంది. కూర్చుని వచ్చేశాను.

నవంబర్ 28

పొద్దున్న షాపు తెరుస్తుంటే నాగసె గారు ఫోన్ చేశారు. నేను "అలాగేనండీ" అన్నాను. "అలాగేనండీ" ఏమిటి? సాయంత్రం దాకా కోట్లకు చీటీలు కట్టాను.

నవంబర్ 29

ఇవాళ సాయంత్రం అక్కను ఆఖరిసారి చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం కార్యక్రమం. రేపు దహనం. నల్ల బట్టలు మనుషులకు ఎలా ఉన్నాయో, మడతలు సరిగా తీశారో లేదో, అదే చూస్తూ కూర్చున్నాను. అక్క మొహం చూడకుండా ఉండటానికి.

క్యోటో నుంచి నాగసె గారి మేనత్త వచ్చింది. ఎనభై దాటాయి, గొంతు మాత్రం వీధి చివరకు వినబడుతుంది. కాలెండరు చూసి గుండెలు బాదుకుంది.

"రేపు తొమొబికి దినం రా! ఎవడు పెట్టాడు ముహూర్తం? ఆ రోజు పోయేవాళ్ళు ఊరికే పోరు, ఇష్టమైన వాళ్ళ చెయ్యి పట్టుకు లాక్కుపోతారు. తోడు కోసం పెట్టెలో బొమ్మ పెట్టాల్సిందే. మనిషికి బదులు అది పోతుంది."

దహనవాటికలో మళ్ళీ ఖాళీ దొరకాలంటే వారం పడుతుందట. శవసంస్కారం చూసే అబ్బాయి, "మా దగ్గర చిన్న గుడ్డబొమ్మలు ఉంటాయండీ, తెస్తాను" అన్నాడు. అక్కడితో సరిపోయేది. కాని నాగసె గారు నా వైపు తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కొన్న బొమ్మెందుకు? తనకి తన బొమ్మే ఉంది. మిసావొ గారూ, రేపు ఆ నాజునాని తెచ్చిపెడతారా? ఒక్కతే ఎలా పోతుంది? అదంటే తనకి ప్రాణం. నేనెప్పుడూ దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. ఇదొక్కటైనా చేస్తాను."

ఆయన దాని పేరు పలకడం నేను వినడం ఇదే మొదటిసారి. ఆయన చెడ్డగా అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. ప్రేమగా అడిగారు. మింగలేక కక్కలేక నిలబడ్డాను. అక్క ఆయనతో చెప్పలేదని అప్పుడే అర్థమైంది. ఆమె నాతో అన్న మాటకు సాక్ష్యం ఎవరు?

బయటకొచ్చి ఆ అబ్బాయిని పక్కకు పిలిచి అడిగాను. "వినైల్ బొమ్మ కదా, పెట్టెలో పెట్టనివ్వరేమో?"

"రూలు ప్రకారం కుదరదండీ. కాని కుటుంబం అంతగా అడిగితే, ఒక్కటే కదా, చూసీ చూడనట్టు పోతాం" అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

ఇంటికొచ్చాక ఒక ఆలోచన వచ్చింది. చియోకు పొడుగు జుట్టు విగ్గు పెట్టి తీసుకెళితే? ఆయనకు తేడా తెలియదు. ఎవరికీ తెలియదు. చియో మొండి మొహంతో నన్ను చూసింది. వద్దులే, నిన్ను పంపను. నేనేమీ దేవతను కాను.

నవంబర్ 30, ఆదివారం

రాయాలి. ఓపిక లేదు, అయినా ఇవాళే రాయాలి, రేపటికి నేను దీన్ని ఇంకో రకంగా మార్చుకుంటాను.

నాజునాను తీసుకెళ్ళాను. తీసుకెళ్ళకుండా ఉండలేకపోయాను. అక్క దాన్ని ఒక్కసారైనా చూడాలి కదా. పెట్టె నిండా పువ్వులు. అక్క మెడ దగ్గర తెల్ల చేమంతులు పెట్టారు. నాగసె గారు రెండు చేతులూ చాపారు. నేను సంచి తెరిచి, నాజునాను గుండెకు ఆనించుకున్నాను, ఇవ్వలేదు.

"ఇవ్వనండీ" అన్నాను.

మేనత్త ముందుకొచ్చింది. "ఏమ్మాయ్, ఏమిటి నువ్వనేది? బొమ్మ పెట్టకపోతే ఇక్కడున్న వాళ్ళలో ఎవరినో ఒకరిని లాక్కుపోతుంది. తొకికొ చెయ్యి పట్టుకోవాలంటే ముందు ఎవరున్నారో తెలుసా?"

"నేనే ఉన్నాను. ఆ అక్కకి స్నేహితురాలిని నేనొక్కదాన్నే. లాగితే నన్నే లాగాలి. నాకు బదులు ఎవరూ పోనక్కర్లేదు. ఈ పిల్ల అసలే పోనక్కర్లేదు. దానికి నిప్పంటే భయం, అక్కే చెప్పింది. నా దగ్గర ఉంచుకోమంది. మీకు చెబుతానంది నాగసె గారూ. చెప్పలేకపోయింది."

ఇవన్నీ నేనే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. లాండ్రీలో కూడా ఇంత గట్టిగా మాట్లాడి ఎరగను.

నాగసె గారు చేతులు దించలేదు, నన్ను కసురుకోనూ లేదు. "బొమ్మ సంగతి ఎత్తితే లేచిపోయేవాణ్ణి" అన్నారు మెల్లగా. తరవాత, "ఒక్కసారి ఇటివ్వండి. చూసి ఇచ్చేస్తాను" అన్నారు.

ఇచ్చాను. పసిపిల్లను ఎత్తుకోవడం రాని మగవాళ్ళు ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు, తల వేలాడేసి. వీపు పైకి తిరిగింది. ఆయన వేలు ఆ తెల్లదారం మీద ఆగిపోయింది.

"ఈ అడ్డకుట్టు తనది" అన్నారు. "ఎప్పుడు కుట్టింది?"

"ఆసుపత్రిలో. అక్టోబరులో. మీరు చొక్కా గుండీలు తెచ్చినప్పుడు."

"అందుకా గుండీలు..." అని ఆయన ఏడ్చారు. అందరి ముందూ, నోరు మూసుకోకుండా. ఏడ్చి, "ఇది ఇస్తారా? ఈ గౌను? బొమ్మ మీరు ఉంచుకోండి. ఇది తనతో పంపిద్దాం" అన్నారు.

ఆ అబ్బాయి కత్తెర తెచ్చాడు. నేను నాజునాను ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని, ఇన్నాళ్ళూ తెంపలేని దారాన్ని టాకా టాకా తెంపాను. గౌను ఊడొచ్చింది. కింద ఒళ్ళంతా నీలం. మెడ చుట్టూ కాలరు ఆకారం, మణికట్టుకు గాజులు, వీపు మీద నిలువునా కుట్ల వరస. కుట్టు కుట్టూ దిగింది.

మేనత్త, "అయ్యో, ఏమిటే ఇది, కమిలిపోయిందా?" అంది.

"రంగు. నేనే. ఆ రోజే విప్పమంది, విప్పలేదు. విప్పేశానని అక్కతో అబద్ధం చెప్పాను." పెట్టె వైపు చూసి కూడా చెప్పాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

గౌను మడిచి చేమంతుల పక్కన పెట్టారు నాగసె గారు. మేనత్త ఒప్పుకోలేదు. "తల లేని బొమ్మ ఎక్కడైనా ఉందా రా?" అని సణుగుతూ, తన తెల్ల చేతిరుమాలు ఉండచుట్టి, ముడివేసి, కాలరులోంచి పైకి దూర్చింది. తల వచ్చింది. గౌను చేతులు అక్క చేతి మీద పెట్టింది. "ఇప్పుడు పో తల్లీ, ఎవరినీ లాగకు" అంది. అని, వెళుతూ వెళుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నేను ఇక్కడే ఉన్నానో లేదో చూసుకుంటున్నట్టు.

నాజునాను నా శాలువాలో చుట్టి తెచ్చాను. ఆదివారం కదా, ఫోటో తీయాలి. తీయలేదు. పంపడానికి ఎవరున్నారు?

డిసెంబర్ 1

తొమొబికి రోజు దాటింది. నన్నెవరూ లాగలేదు. కోట్లకు చీటీలు కట్టాను.

డిసెంబర్ 7, ఆదివారం

నాగసె గారు ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. అక్క నిలబడ్డ చోటే గుమ్మంలో నిలబడి, కోటు జేబులోంచి మందుల షాపు కవరు తీశారు.

"ఇది మీదేనండీ. ఆలస్యమైంది. ఆసుపత్రి సామాను సర్దుతుంటే దొరికింది."

లోపల ట్యూబు. మొటిమల మందు. మేము చియోకు వాడిన రకమే.

"ఆఖరి వారం ఒకటే గొడవ మిసావొ గారూ. మొటిమల మందు కొను, మొటిమల మందు కొను అని. అరవై ఏళ్ళ మనిషికి మొటిమలేమిటి? నర్సుని అడిగితే, మందుల మత్తండీ, ఏదో ఒకటి అంటుంటారు అంది. సరేనని కొని చూపించాను. 'నాకు కాదు, మిసావొకి. అది దారం తెంపి ఉండదు. ఎండొచ్చినప్పుడు రాయమను' అంది. ఏ దారమో నాకు తెలిస్తే కదా. మొన్న మీరు కత్తెర పట్టుకునేదాకా తెలీలేదు."

"తెలుసా అక్కకి?"

"మీ ఫోటోలు వచ్చినప్పుడల్లా నవ్వేదండీ. 'ఇవన్నీ ఒక్క రోజువే, చూడు, మబ్బు కూడా కదల్లేదు. అబద్ధమాడటం కూడా రాదు దీనికి' అనేది. నేను సరిగ్గా చూసేవాణ్ణి కాదు. ఆ ఫోటోలు నాక్కూడా పంపుతారా?"

పంపుతానన్నాను. ఆయన వెళ్ళాక గుమ్మంలోనే కూర్చుండిపోయాను. నేను అక్కను మోసం చేశానని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. ఆమె అన్నీ తెలిసి, నొప్పిలో, నా తప్పు దిద్దే మందు వెతికి పెట్టింది. "మంచిదాన్నివి" అన్నప్పుడే తెలుసన్నమాట. ఇంత ప్రేమను ఇప్పుడు ఎవరికి తిరిగివ్వను?

డిసెంబర్ 14, ఆదివారం

మబ్బు. ఎండ వచ్చినప్పుడు రాస్తాను.

డిసెంబర్ 21, ఆదివారం

మంచు పడింది. ఎండ లేదు.

జనవరి 4, ఆదివారం

కాసేపు వచ్చింది. చాలదు.

జనవరి 11, ఆదివారం

ఇద్దరినీ కాలవ గట్టుకు తీసుకెళ్ళాను. నాజునాకు తెల్ల గౌను తొడిగాను, మెడ కాస్త వెడల్పుగా ఉన్నది. మోకాళ్ళేసి గడ్డం పైకెత్తాను. నీలం కాలరు కనిపించేలాగే తీశాను. పడవ ముసలాయన పడవ కడుక్కుంటూ పలకరించాడు.

"ఆ పిల్ల మెడకేమైందమ్మా?"

"రంగంటింది."

"పోదా?"

"పోతుంది. మందుంది ఇంట్లో."

"మరి రాయవేం?"

"ఎండ ఉండాలి. ఈమధ్య ఎండెక్కడొస్తోంది?" అన్నాను.

ఆయన తలెత్తి ఆకాశం వంక చూశాడు. ఎండకు కళ్ళు చిట్లించి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నా వంక చూశాడు. మళ్ళీ వంగి పడవ కడుక్కున్నాడు.

నేను నాజునాకు సాక్సులు తొడిగాను.